భద్రం ఛాతీ మీది దీపం

మిర్చి కోల్డ్ స్టోరేజీలన్నీ మంచు హాకీ మైదానాలైపోయిన కాలంలో, గుంటూరు జట్టు ఫార్వర్డ్ వీరభద్రాన్ని చూస్తే దున్నపోతులు కూడా పక్కకు తప్పుకునేవట. ఆ మాట పుట్టించింది భద్రమే అనుకోండి. నోట్లో పళ్లు సగమే మిగిలాయి, ఊడినవాటి గురించి కూడా గొప్పలు చెప్పేవాడు.

ఆ గొప్పలకి చొక్కాదీపం ఎసరుపెట్టింది. ఆటగాళ్లందరి చొక్కాలకీ ఛాతీ మీద దీపాలు కుట్టారు. ధైర్యంగా ఉంటే ఆకుపచ్చ, గుండె జారితే ఎరుపు. నరసరావుపేట జట్టు మస్తాన్ ఎదురొస్తే చాలు, భద్రం ఛాతీ రైల్వే సిగ్నలైపోయేది.

"ఇవాళ కూడా ఎర్రబడ్డావో, రేపట్నుంచి మంచు చదునుచేసే బండి తోలుకో," అంది కోచ్ కోటేశ్వరమ్మ.

భద్రం బుర్రకి పదునుపెట్టి, ఆటకి ముందే కారం కూరిన మిరపకాయ బజ్జీల పళ్లెం ఖాళీ చేశాడు. మైదానంలో దిగగానే దీపం భగ్గున ఎర్రబడింది.

"భయం కాదు మేడమ్, కారం!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. గుంటూరులో ఆ మాట నమ్మనివాళ్లెవరు?

ఆట మధ్యలో మస్తాన్ మీదికొచ్చాడు. చూస్తే అతని దీపమూ ఎరుపే.

"నువ్వూ బజ్జీలు లాగించావా తమ్ముడూ?"

"లేదన్నా, నాకు కారం పడదు. నిన్ను చూసే..." అన్నాడు మస్తాన్.

ఆ మాటకి భద్రం ప్రాణం లేచొచ్చింది. దీపం టక్కున ఆకుపచ్చైంది.

"ఏమయ్యా భద్రం, పళ్లెం బజ్జీల కారం ఒక్క క్షణంలో దిగిపోయిందా?" అని కోచ్ కేకేసింది. కోల్డ్ స్టోరేజీ అంతా గొల్లున నవ్వింది. కడుపులో బజ్జీలు మాత్రం ఇంకా మండుతూనే ఉన్నాయి.

ఇప్పుడు భద్రం మంచుబండి తోలుతున్నాడు. "నా అంత ధైర్యవంతుడు ఈ జిల్లాలో లేడు," అంటాడు, ఆకుపచ్చగా వెలుగుతున్న ఛాతీ చూపించి.