బతికున్న మనిషికి వేసిన విస్తరి

ఇలా దగ్గరికి జరగండమ్మా, గట్టిగా చెప్పే మాట కాదిది. పేగులో పుట్టిన కేన్సరు కాలేయానికి పాకితే, ఆ కాలేయాన్ని తీసేసి వేరొకరి కాలేయం ముక్క పెట్టడం పన్ను పీకినంత మామూలైపోయిన కాలం. ఆ ముక్కలు ఎక్కువగా చనిపోయినవాళ్లవే. ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఆస్పత్రివాళ్లు చెప్పేవారు కాదు. అందుకే మహాలయ అమావాస్యనాడు పెద్దల విస్తరి పక్కన, ఆ పేరు తెలియని మనిషికీ ఒకటి వేసేవారు.

తునిలో నూకరత్నం ఏటా వేసేది. ఆ ఆపరేషనయ్యాక మొగుడు గంగులుకి కంద బచ్చలికూర మీద యావ పుట్టింది. అది ఇచ్చినవాళ్ల రుచే అనుకుని, ఆ విస్తట్లో అదే పెట్టేది.

“నేనడిగితే ఇసుక్కుంటావు, ఆళ్లకైతే ఆవ కూడా నూరతావు,” అనేవాడు గంగులు.

ఆ ఏడు గోడమీది పెద్దల విస్తరిని కాకి ముట్టింది గానీ, రెండోదాని వంక చూడలేదు. అంతలో గుమ్మంలో బక్కపలచటి ఆవిడొకతె నిలబడింది.

“మీ ఆయనకి ఆ కాలేయం ముక్క ఇచ్చింది నేనేనమ్మా. ఏటా ఈ పూట ఎవరో నన్ను అన్నానికి పిలుస్తున్నట్టుంటది. ఒళ్లు చల్లబడిపోద్ది. ఈసారిక లేవలేనేమోనని, ఆ పిలుపెంటే వచ్చేశాను.”

నూకరత్నానికి అప్పుడర్థమైంది. బతికున్న మనిషిని చచ్చినవాళ్ల పంక్తిలోకి పిలిచింది తనే! ఆ విస్తరి తీసి పారేసి, మళ్లీ కొత్తగా అన్నం వండింది.

“మా ఆయన ఒంట్లో ఉన్నావంటే నాకు ఆడపడుచువే. లోపలికి రా వదినా,” అని గంగులు పక్కనే కూర్చోబెట్టి వడ్డించింది. ఆవిడ కడుపునిండా తిన్నది, నవ్వింది కూడా. కానీ చేతికి నీళ్లు పోస్తూ పట్టుకుంటే, ఆ వేళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి.

గుర్తుంచుకోండమ్మా, మీ పిల్లలకీ చెప్పండి. ఉన్నారో లేరో అడక్కుండా ఎవరికీ విస్తరి వేయకండి.