మెయిన్ స్విచ్‌కి కాపలా

"లెండి మామయ్యా, మిషన్ బిగించేశాను. కరెంటు వేద్దాం," అన్నాడు అల్లుడు చేతులు తుడుచుకుంటూ.

పెరట్లోని ఈతకొలనుకి తెచ్చిన కొత్త మిషన్ అది, ఉప్పునీళ్లలోంచి క్లోరిన్ తీస్తుంది. బిగించేటప్పుడు కరెంటు ఆపి, స్విచ్ దగ్గర మనిషిని కాపలా పెట్టమని షాపతను మరీమరీ చెప్పాడు. మామగారు హాల్లో మెయిన్ స్విచ్‌కి వీపు ఆనించి, కుర్చీలో పాతుకుపోయారు.

"వెయ్యను. మా అల్లుడి చెయ్యి మిషన్లో ఉంది."

"నా చెయ్యి ఇదిగోనండి. నేనే కదా మీ అల్లుణ్ణి."

"కావచ్చు. పనైపోయిందని అతనొచ్చి చెప్పాలి."

"నేనే వచ్చి చెబుతున్నాను కదండీ."

"నువ్వు చెప్పింది నేనెప్పుడు నమ్మాను గనక?"

ఫ్రిజ్‌లో ఐసు కరిగి హాల్లోకి కాలువ కట్టింది. కూతురు వచ్చి బతిమాలింది. ఆయన కాళ్లు పైకి పెట్టుకున్నారు తప్ప కుర్చీ వదల్లేదు.

అల్లుడికి ఒళ్లు మండింది. కుర్చీ లాగెయ్యబోతుంటే ఆయన అన్న మాట తట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయన కూతురితో "నీ మొగుడు" అనడమే గానీ, "మా అల్లుడు" అన్న మాట ఇవాళే వినడం.

ఇంకో కుర్చీ తెచ్చి పక్కనే వేసుకున్నాడు. తనూ కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

"సరే మామయ్యా, అతనొచ్చేదాకా చూద్దాం."