ఈల ఊదకముందే

కుజిరానే ఊరి జనం అరిచినంత గట్టిగా జపాన్ మొత్తంలో ఇంకెవరూ అరవరు. మేం అరిస్తే రేవులో పడవలు తాళ్లు తెంచుకుంటాయి. ఈ కథలో ఒక్క ముక్క కూడా కల్పించింది లేదు, ఆ పడవల సంగతితో సహా.

ఆ అరుపులకు పెద్ద దిక్కు చేపల కొట్టు కినుయో. మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీ రగ్బీ టీమ్ ఆడుతోందంటే కొట్టు మూసేసి, పంది మాంసం చారు పెద్ద గిన్నెతో మైదానం గేటు దగ్గర తయారు.

ఆ ఏడు మాత్రం ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఈసారి లీగ్‌లో కింది డివిజన్‌కి దిగిపోతే టీమ్‌నే ఎత్తేస్తామని ఫ్యాక్టరీ పెద్దలు చెప్పేశారు.

అదృష్టం, సీజన్ మొదలవగానే ఏడో నంబర్ నారుమికి పూనకం వచ్చింది. బంతి పట్టుకుని దూసుకొచ్చినవాణ్ణల్లా నడుం దగ్గర వాటేసుకుని నేల కరిపించాడు. కిందటేడు ఎదుటివాడి చొక్కా అంచు పట్టుకోవడానికే జంకిన మనిషి ఇతనేనా అని ఊరు నోరెళ్లబెట్టింది.

అప్పుడే కినుయో కన్ను ఒక కొత్త మనిషి మీద పడింది.

బక్కపలచని పెద్దాయన. బూడిద రంగు కోటు. ఎక్కడి నుంచి వస్తాడో తెలియదు. మనవాళ్లు బంతిని అవతలి గీత దాటించి ట్రై చేశారని స్టాండంతా గంతులేస్తే ఆయన కదిలేవాడు కాదు. నారుమి ఎవణ్ణయినా కూల్చినప్పుడు మాత్రం మెల్లగా చప్పట్లు కొట్టేవాడు.

ప్రతి మ్యాచ్‌కీ అదే సీటు, అదే వరస.

"చూశావా సెయ్‌జీ? పాయింట్లొస్తే ఉలకడు, పలకడు. మనిషి పడితే చప్పట్లు."

సెయ్‌జి ఊళ్లో మంగలి, స్టాండ్‌లో డోలు అతనిదే. "పళ్ల డాక్టరేమో అక్కా. రాలిన పళ్లు లెక్కేసుకుంటున్నాడు."

మంచు పడుతున్న ఒక ఆదివారం నారుమి అవతలి టీమ్ కుర్రాణ్ణి పడగొట్టాడు. చప్పట్లు వినిపించాయి.

కుర్రాడు లేవలేదు.

చప్పట్లు ఆగిపోయాయి. పెద్దాయన లేచి నిలబడ్డాడు. నీళ్ల కెటిల్‌తో పరిగెత్తుకొచ్చినవాళ్లు నెత్తిన చన్నీళ్లు పోశాక కుర్రాడు కళ్లు తెరిచి, తల విదిలించి, లేచి కుంటుతూ నడిచాడు. అప్పుడు గాని పెద్దాయన కూర్చోలేదు.

కినుయోకి ఒళ్లు మండిపోయింది. చారు గరిటె చేతిలో ఉండగానే మెట్లెక్కింది.

"ఏమండీ పెద్దాయనా, మీరు మా వైపా, వాళ్ల వైపా?"

"నో సైడ్ అమ్మా."

మా దగ్గర ఆట ముగిసే ఈలకి ఆ పేరే. అది మోగాక ఇక వైపులుండవు. అంతవరకూ కుమ్ముకున్నవాళ్లే ఒకే తొట్లో స్నానం చేసి, ఒకే బల్ల దగ్గర తాగుతారు.

"అది ఈల ఊదాక. ఇప్పుడింకా ఆట నడుస్తోంది. ఒకళ్ల పిల్లాడు కింద పడితే సంబరపడేవాళ్లకి ఇక్కడ చోటు లేదు. ఇంకెప్పుడూ రాకండి."

పెద్దాయన టోపీ తీసి, నడుం వంచి నమస్కరించి, నవ్వుతూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది," అన్నాడు సెయ్‌జి.

ఆ తర్వాతి మ్యాచ్‌లో నారుమి చేతుల్లోంచి ఒకడు జారిపోయాడు. ఆ పైవారం ఇద్దరు. వసంతం వచ్చేసరికి మనవాళ్లు పట్టికలో అట్టడుగున ఉన్నారు. ఇక మిగిలింది కింది డివిజన్ టీమ్‌తో తాడోపేడో మ్యాచ్. గెలిస్తే ఉంటారు, ఓడితే దిగుతారు.

ఆ రోజు చివరి నిమిషం దాకా మనదే పైచేయి. అప్పుడు వాళ్ల పరుగుల వీరుడు బంతి చంకన పెట్టుకుని గీత వెంబడి బయల్దేరాడు. ఎదురుగా నారుమి ఒక్కడే.

నారుమి భుజం వంచాడు. చేతులు మాత్రం ముందుకు రాలేదు.

వాడు పక్కనుంచి వెళ్లిపోయి ట్రై చేశాడు. ఈల మోగింది. మనవాళ్లు ఓడిపోయారు.

ఆచారం ప్రకారం ఆటగాళ్లంతా వరసగా వచ్చి స్టాండ్‌కి తల వంచారు. అందరూ తల ఎత్తాక కూడా నారుమి ఎత్తలేదు. చివరికి ఎత్తి, ఖాళీగా ఉన్న ఒక సీటు వైపు చూశాడు.

కినుయో కమ్మీ దగ్గరికి దిగింది. "ఏరా, నీ భుజాలు ఎవడెత్తుకుపోయాడు?"

"పెద్దమ్మా, అక్కడ కూర్చునే ఆయనకి ఒంట్లో బాగా లేదా?"

"ఆ చప్పట్లాయనా? నేనే రావద్దన్నాను. దరిద్రం వదిలింది."

నారుమి రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు.

"రెండేళ్ల కిందట నేను పడగొడితే ఒక కుర్రాడు మళ్లీ లేవలేదు."

నారుమి తప్పేమీ లేదని రెఫరీ తేల్చిన రోజు నుంచీ ఊరంతా కూడబలుక్కున్నట్టు ఆ మాట ఎత్తడం మానేసింది.

"ఆట మానేస్తానని చెప్పడానికి ఈ సీజన్‌కి ముందు వాళ్లింటికి వెళ్లాను. నువ్వు మానేస్తే మావాడు ఏదో తప్పుడు ఆట ఆడి పోయినట్టవుతుంది, వద్దన్నారు. నేనొచ్చి కూర్చుంటాను, నువ్వు సరిగ్గా పడగొట్టినప్పుడల్లా చప్పట్లు కొడతాను, అది విని ధైర్యంగా ఆడు అన్నారు."

సెయ్‌జి చేతిలో డోలు కర్ర జారి మెట్ల మీద దొర్లింది.

"ఆయన ఆ కుర్రాడి నాన్న, పెద్దమ్మా."

పడవలు తాళ్లు తెంచుకోవు. అది మీరెలాగూ నమ్మి ఉండరు.

నమ్మింది ఇంకొకటుంది, ఆయన నవ్వుతూ మెట్లు దిగాడని. అదీ కల్పనే. అలా చెప్పమని కినుయో బతిమాలింది.