పై వాటా చప్పుడు

పైన ఏదో జంతువు గర్జించింది.

కింద గదిలో మామగారి చేతికర్ర మంచం పక్కనుంచి పై వాటాలోకి వెళ్లే ఇనుప నీళ్లగొట్టాన్ని ఠంగుఠంగుమని కొట్టింది.

"మళ్లీ మొదలుపెట్టాడు!" గరిటె చేత్తోనే హాల్లోకి వచ్చింది కోడలు.

"ఎవరు?" అన్నాడు భర్త.

"ఇంకెవరు, పైవాడు!"

"పైవాడు మన మొర ఎప్పుడు విన్నాడులే," అని అతను పేపరు తిరగేశాడు.

"మీకు అన్నీ వేళాకోళాలే. అక్కడ మామయ్యగారు అల్లాడిపోతున్నారు."

పక్షవాతం వచ్చాక మామగారికి మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఉద్రేకపడకుండా చూసుకోమన్నాడు డాక్టరు. ఆ మాట కోడలు కొంగున ముడేసుకుంది. హాల్లో టీవీ తీయించి తోడికోడలింటికి పంపేసింది. ఆ ఇంట్లో గిన్నె కూడా చప్పుడు కాకుండా దించుతారు.

పై వాటాలో ఉండేది ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరు. ఒంటిగాడు, మితభాషి. సాయంత్రం పని నుంచి రావడం ఆలస్యం, టీవీ ముందు కూర్చుంటాడు. ముందు ఓ భయంకరమైన సినిమా. మేడలు కూల్చే బల్లులు, ఓడల్ని నమిలేసే సముద్ర భూతాలు. ఆ తర్వాత, లిఫ్టు పాడైపోయిన ఓ అపార్టుమెంటు మెట్ల మీద నడిచే కామెడీ సీరియల్. నవ్వించీ నవ్వించీ చివర్లో ఏడిపించే రకం.

గర్జన వస్తే కింద కర్ర గట్టిగా మోగేది. నవ్వులొస్తే మెత్తగా మోగేది.

"పాపం, తిట్టడానికి నోరు లేక కర్రతో తిడుతున్నారు," అంది కోడలు.

మర్నాడు మెట్ల దగ్గర బైండరుకి ఎదురెళ్లి నిలబడింది.

"బాబూ, మీ టీవీ గోల కాస్త తగ్గించాలి."

అతను ఆమె పెదాలకేసే చూశాడు. "పెద్దాయన వద్దన్నారా?"

"ఆయనకి నోరెక్కడిదీ! గొట్టం బద్దలయ్యేలా కొడుతుంటే తెలియడం లేదూ?"

అతను తలూపి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పైనుంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. అయినా కర్ర ఆగలేదు. అంతకు ముందుకన్నా గట్టిగా మోగింది.

"మనకి వినిపించనంత చిన్నగా పెట్టుంటాడు. మంచాన పడ్డ మనిషికి ఆ మాత్రం చాలదూ?" అంది కోడలు.

భర్త నసిగినా ఆమె ఆగలేదు. తిన్నగా పైకెళ్లింది.

"మీరు వేరే గది చూసుకోండి బాబూ. డాక్టరు మామయ్యగారికి ఉద్రేకం కూడదన్నాడు. రేపు ఆ గుండె కాస్తా ఆగితే పూచీ ఎవరిది?"

బైండరు మొహం పాలిపోయింది.

"డాక్టరు వద్దన్న సంగతి నాకు తెలియదండీ. తప్పయింది."

ఆ వారమే ఖాళీ చేశాడు. ఆటోలో పట్టని టీవీ పైనే ఉండిపోయింది.

ఇక మామగారు హాయిగా నిద్రపోతారనుకుంది కోడలు.

సాయంత్రం కాగానే కర్ర మోగింది.

"పైన ఎవరూ లేరు మామయ్యగారూ. పంపించేశాను."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. కర్ర చేతిలోంచి జారిపోయింది. స్పూను నోటి దగ్గరికి తెస్తే మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఆ పూటే కాదు, మర్నాడూ అంతే.

"ఇలా తిండి మానేస్తే మనిషి దక్కరండీ," అని భర్త దగ్గర ఏడ్చేసింది.

అతను కాసేపు ఆలోచించి తండ్రి పక్కన కూర్చున్నాడు. ఫోన్లో ఓ సముద్ర భూతం సినిమా పెట్టాడు.

"ఏమిటండీ ఆ పని, మతిపోయిందా?"

"నువ్వుండు."

భూతం గర్జించింది.

మామగారి మొహంలో పనిచేసే సగం వెలిగింది. ఎడంచెయ్యి ఊపారు. ఇంకా, ఇంకా అన్నట్టు. ఆ తర్వాత వేలు పైకెత్తి పై వాటా చూపించి, ఏడీ అన్నట్టు చెయ్యి తిప్పారు.

కోడలు తలెత్తి పై వాటాకేసి చూసింది.

"అయితే ఆయన కొట్టింది ఆపమని కాదా?"

బైండరుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. కోపం ఉండదూ మరి, అనుకుంది.

ఆదివారం బైండరు అక్క వచ్చింది, గది తాళం ఇవ్వడానికి.

"టీవీ పెద్దాయన గదిలో పెట్టించమన్నాడమ్మా మావాడు. డాక్టరు ఒప్పుకుంటేనే సుమా అన్నాడు."

కోడలు ఆమె చేతులు పట్టుకుంది. "డాక్టరుగారిని అడిగాను, నిక్షేపంగా చూడొచ్చన్నారు. నేనే ఉత్తి పుణ్యానికి ఆయన్ని వెళ్లగొట్టాను. ఒక్కసారి రమ్మనండి, నా తమ్ముడనుకుంటాను."

"రాడమ్మా. దగ్గర్లో గది దొరక్క ఆ ఉద్యోగానికి నీళ్లొదిలేశాడు. నా దగ్గరే వేరే పని చూసుకున్నాడు."

"పోనీ ఈ టీవీ అన్నా తీసుకెళ్లండి. అంత పెద్ద సౌండు పెట్టుకుని చూసే మనిషికి ఇది లేకపోతే ఎలా?"

"తెరమీద బొమ్మలంటే వాడికి చిన్నప్పట్నుంచీ పిచ్చే. కానీ ఆ సౌండు వాడికోసం కాదమ్మా. ఒకరోజు రిమోట్ మీద చెయ్యి పడి టీవీ మోగిందట. కింద పెద్దాయన గొట్టం కొడుతుంటే, క్షమించమని చెప్పడానికి వచ్చి కిటికీలోంచి చూశాడు. ఆయనేమో నవ్వుతూ, ఇంకా పెంచమని చెయ్యి ఊపుతున్నారట. ఆ రోజు నుంచీ పెంచే ఉంచాడు."

"అంటే, గొట్టం చప్పుడు విని వచ్చాడన్నమాట," అంది కోడలు కళ్లు తుడుచుకుంటూ.

"విని కాదమ్మా, గొట్టానికి వీపు ఆనించి కూర్చున్నాడు గనక ఆ అదురు తెలిసింది, చిన్నప్పటి జ్వరంలో చెవులు పోయాక మావాడు ఏ చప్పుడూ వినలేదు."