అయ్యగారి ఓదార్పు

"తోటమాలి తనకు బాగా నచ్చిన పువ్వునే కోసుకుంటాడు కదండీ," అన్నాడు మందుల షాపాయన, చేతులు కట్టుకుని.

పాస్టరుగారికి ఆ తోటమాలి పీక పిసకాలనిపించింది.

ముందుగదిలో శవపెట్టెలో ఆయన భార్య ఉంది. నిన్న టీ కలుపుతూ వంటింట్లో కూలిపోయింది, మళ్ళీ లేవలేదు. ఇంకాసేపట్లో సమాధి కార్యక్రమం. ప్రసంగం తనే చేస్తానని పాస్టరుగారు నిన్ననే ఖరాఖండిగా చెప్పేశారు. ఊళ్ళోవాళ్ళ చావులకే మైకు ఇంకొకరికి ఇవ్వని మనిషి, సొంత భార్య చావుకి వదులుకుంటారా?

అసలు ఆ తోటమాలి కథ ఆయన సొంత సరుకే. ఎవరింట్లో ఎవరు పోయినా తోటమాలి కత్తెర పట్టుకుని తయారు. పండుముసలి పోయినా పువ్వే, పురిటిబిడ్డ పోయినా పువ్వే. ఓదార్చడంలో అయ్యగారి తర్వాతే ఎవరైనా అని పేరు. ఆ పేరు పుట్టించిందీ అయ్యగారే. ఇవాళ జనమంతా ఆ సరుకుని భద్రంగా తెచ్చి ఆయనకే అప్పజెబుతున్నారు.

"బంగారాన్ని కొలిమిలో పెడితేనే కదా అయ్యగారూ మెరుగు!" అంది టైలరమ్మ. "మా అబ్బాయి పోయినప్పుడు మీరే చెప్పారు."

"చెప్పానా?"

"నవ్వుతూ చెప్పారండి."

టైలరమ్మ వెటకారంగా అనలేదు పాపం. అందుకే మరీ గుచ్చుకుంది.

పాస్టరుగారు లేచి పడకగదిలోకి వెళ్ళిపోయారు. ప్రసంగానికి ముందు ప్రార్థన చేద్దామని మోకరించారు. ఒక్క మాట ఊడిపడలేదు. అసలు దేవుడున్నాడా? ఇన్నాళ్ళూ పరాయి ఇళ్ళలో చూసి మందలించిన అనుమానం ఇప్పుడు ఆయన మంచం మీదే కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆయనకి భయం వేసింది.

తలుపు తోసుకుని కుళాయమ్మ వచ్చింది. అది ఆమె అసలు పేరు కాదు. భర్తని పూడుస్తున్నప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయిందని, "ఏడుపు అవిశ్వాసం! ఎవరైనా ఈ కుళాయి కట్టేయండి," అన్నారు అయ్యగారు, మైకులోనే. జనం నవ్వారు. పేరు ఉండిపోయింది.

"నువ్వూ తోటమాలి గురించి చెబుదామనే వచ్చావా?" అన్నారాయన.

"నాకు తోటపని తెలీదండి," అని ఆమె ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

ఆయన చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలైంది.

అప్పుడు పాస్టరుగారు ఏడ్చారు. గంభీరంగా, పాస్టర్లు ఏడ్చేలా కాదు. ముక్కు కారుతూ, వెక్కుతూ, ముందుగదిలో సంఘమంతా వింటోందని తెలిసి తెలిసీ. ఆ ఏడుపు మధ్యలో నోటికి ఒక మాట వచ్చింది.

"ప్రభువా, నాకేమీ తెలీదు. నన్ను వదలకు."

అంతే. భోజనానికి ముందు ప్రార్థనకే కూర చల్లారబెట్టే మనిషి జీవితంలో అంత చిన్న ప్రార్థన చెయ్యలేదు. చిత్రమేమిటంటే, అవతల వినేవాడు ఉన్నాడని ఆయనకి మొదటిసారి అనిపించింది కూడా అప్పుడే.

సంఘ పెద్ద గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, టైమైంది. మీ ప్రసంగం..."

"నువ్వు చెప్పు. నేను జనంలో కూర్చుంటాను."

"నేనా?" సంఘ పెద్దకి ముచ్చెమటలు పోశాయి. అయ్యగారికి మతి చలించిందేమోనని అనుమానంగా చూశాడు.

"నువ్వే. ఆ తోటమాలిని మాత్రం వెంట తేకు."

అతను వెళ్ళాక పాస్టరుగారు కుళాయమ్మ వైపు తిరిగారు. "ఆ రోజు నిన్ను అందరిలో నవ్వులపాలు చేశాను. నన్ను క్షమించమ్మా."

"ఎప్పుడో క్షమించానండి."

"ఇంతమంది వచ్చారు, ఇన్ని మాటలు చెప్పారు. నువ్వొక్కదానివే ఓదార్చావు. ఇలా ఓదార్చడం నీకెవరు నేర్పారమ్మా?"

ఆమె అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"అమ్మగారేనండి. మీరు ఓదార్చి వెళ్ళిన ప్రతి ఇంటికీ వెనకాలే వచ్చి, మేం తేరుకునేదాకా ఇలాగే కూర్చునేవారు."