వెనక గది కంప్యూటర్

కవిత వెనక గదిలోకి వచ్చి నెట్ వైరు పీకేసింది.

ఆ గదిలో అద్దెకుండే జంగయ్య చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏమైతది పెద్దయ్యా. ముంగట నా మిషన్లు నడుస్తలేవు. నెట్ మొత్తం నీ డబ్బానే తింటుంది."

గట్టు అనే ఊళ్లో కవితది చిన్న ఆన్‌లైన్ సెంటర్. పింఛన్లకు వేలిముద్రలు, భూమి నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ అక్కడే. షటర్ ఎత్తిన దగ్గర్నుంచి జనం. ఎవరికీ ఓపిక ఉండదు, కవితకు అసలే ఉండదు.

ఆమె ఫోన్ తీసి చూపించింది. కేబుల్ నెట్ నడిపే నాగేశ్ పంపిన లెక్క. అంతా ఇంగ్లీషు. వెనక గది కంప్యూటర్‌కు ఎదురుగా రెండు అంకెలు. ఒకటి నలభై, రెండోది ఆరు వేలు.

"ఒక్క నెలల ఆరు వేల జీబీ. ఏం సినిమాలు సూస్తవు గన్ని?"

"సినిమాలు కాదు బిడ్డా."

"మరి ఏంది?"

జంగయ్య చెప్పబోయాడు. ముందు గదిలో ఎవరో పిలిచారు. కవిత ఆగలేదు.

"ఎనిమిదో తారీఖు కొత్తది వస్తది. జర గప్పటి దాంక ఉండనీ," అన్నాడాయన వెనక నుంచి.

"ఏ కొత్తదీ వద్దు నాకు. ఇంకో రూము సూసుకో పెద్దయ్యా."

మూడో రోజు ఆయన కంప్యూటర్‌ను గోనెసంచిలో పెట్టుకుని గద్వాల బస్సెక్కాడు. కవితకు పీడ వదిలినట్టయింది.

పదో తారీఖున సెంటర్‌లోని రెండు మిషన్ల మీదా ఒకటే మాట. కొత్త అప్‌డేట్ ఎక్కితే తప్ప వేలిముద్రలు తీసుకోవు. కవిత కంగారు పడలేదు. ఇది నెలనెలా వచ్చేదే. ఎప్పుడైనా పావుగంట పని.

మధ్యాహ్నానికి నూటికి రెండు వంతులు దిగింది. సాయంత్రానికి మూడు.

పింఛనుదారులు వేలిముద్ర వేయడానికి పన్నెండో తారీఖే ఆఖరు. ఎస్తేరమ్మ మూడు రోజులూ ఎండలో నడిచి వచ్చింది. ఆఖరి సాయంత్రం బల్ల మీద నుంచి మెల్లగా లేచింది.

"ఇయ్యాల గూడ కాదా బిడ్డా?"

"కాదవ్వా."

"పింఛన్ బందైతదా?"

కవితకు చాలా సిగ్గేసింది.

"షుగరు గోలీలకు గదే ఉండె," అనుకుంటూ ముసలామె మెట్లు దిగింది.

అప్పుడొచ్చాడు నాగేశ్. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి మొహం వాడిపోయింది.

"నీ ఒక్కదానికే కాదక్కా. మానవపాడు దాంక అందరు పరేషాన్."

"ఎప్పుడూ గిట్ల కాలే గదా తమ్మీ?"

"బయట నుంచి వచ్చే లైను సన్నదక్కా. గీ అప్‌డేట్ ఒక్క తావు నుంచే రాదు. ముందుగాల దించుకున్న మిషన్ పక్క మిషన్‌కు ముక్క ముక్క ఇస్తది. మన కేబుల్ల ఒక్కరి కాడ పూర్తిగ ఉండి, తెరిచి పెడితే చాలు. అందరికి పావుగంటల దిగుతది."

"మరి ఎవరూ పెట్టలేదా?"

"ఎవరు పెడ్తరు? నెట్ తింటదని ఇచ్చుడు బంద్ పెట్టుకుంటరు. నువ్వు గూడ నాతోనే బంద్ పెట్టించినవ్ గదా."

కవిత ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఒక్క మిషనే ఉండె," అన్నాడు నాగేశ్. "రెండు దినాల ముందుగాలే నిదానంగ దించుకొని తెరిచి పెట్టేది. నీ లైను మీదనే కనపడేది. ఎవరిదక్కా అది?"

ఆమె అప్పటికే జంగయ్యకు ఫోన్ కలిపింది.

"పెద్దయ్యా, నీ కంప్యూటర్ తీస్కొని రా. ఆ రూము నీదే."

"అది పాత సామానోళ్లకు ఇచ్చేసిన బిడ్డా. దాంతోని నాకు వేరే పనేముంది?" ఆయన గొంతులో కోపం లేదు. "కాలువ కాడ నీరటిగ చేసినోన్ని. మడి మడికి నీళ్లు ఇడిచిన చెయ్యి, ఊకె ఉండలేకపాయె."

ఫోన్ పెట్టేసి, నాగేశ్ పంపిన పాత లెక్క మళ్లీ తెరిచింది కవిత.

"గీ రెండు అంకెలు ఏంది తమ్మీ?"

నాగేశ్ వేలు పెట్టి చూపించాడు. నలభై ఆయన తీసుకున్నది, ఆరు వేలు ఆయన పంచిపెట్టింది.