లారీ కింద పసివాడు

కవి మూడో చరణానికి వచ్చేసరికి హాల్లో ముక్కులు చీదడం మొదలైంది.

“దుఃఖం నిజమైతే కవితను మనం రాయక్కర్లేదు,” అన్నాడాయన మైకు ముందు కళ్లు తుడుచుకుంటూ. “జ్ఞాపకమే రాసేస్తుంది.”

లారీ కింద నలిగిపోయిన ఐదేళ్ల కొడుకు మీద రాసిన కవిత అది. ఇరవై ఏళ్లుగా ఊరూరా చదువుతున్నాడు. ఎక్కడ చదివినా ఏడుపులే. ఈ రోజు దానికే పెద్ద అవార్డు.

వెనక వరసలోంచి ఖాకీ చొక్కా యువకుడొకడు విసురుగా స్టేజీ ఎక్కాడు. కవి చేతిలో కాగితం లాక్కుని పరపరా చించేశాడు.

“ఆపండిక! ఆ లారీ కింద ఎవరూ పడలేదు!”

హాలంతా నోరు తెరిచింది. అందరికన్నా ముందు, ముందు వరసలో కూర్చున్న లెక్చరర్ గారొకాయనకి బుర్ర వెలిగింది. కవితలో డ్రైవరు పారిపోతాడు. వీడి ఒంటి మీదేమో ఖాకీ.

“ఒరేయ్, నువ్వు ఆ డ్రైవర్ కొడుకువి కదూ? మీ నాన్న చేసింది కప్పిపుచ్చడానికి వచ్చావా?”

“మా నాన్న చేసింది బయటపెట్టడానికే వచ్చాను! ఈ కవిత రేడియోలో వచ్చినప్పుడల్లా మా అమ్మ కుళ్లికుళ్లి ఏడ్చేది. మొన్న ఆ ఏడుపుతోనే పోయింది. ఇప్పుడైనా నిజం...”

మాట పూర్తి కానివ్వలేదు. లెక్చరర్ గారి కాలు వాడి డొక్కలో దిగింది. ఎవరో మైకు స్టాండు ఎత్తి నెత్తిన మోదారు. ఇందాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన పెద్దావిడ చెప్పు తీసి దవడలు వాయించింది. ఒకాయనైతే కవిత కంఠతా చెబుతూ చరణానికో గుద్దు గుద్దాడు. కరిగిన గుండెలే గానీ, చేతులు మహా గట్టివి. వాడి పన్ను ఒకటి ఊడి చించిన కాగితాల మీద పడింది.

“చచ్చేలా ఉన్నాడు, ఆగండయ్యా!” అని సభ జరిపిస్తున్న సంఘం కార్యదర్శి అడ్డం పడ్డాడు. “గురువుగారూ, మీరే చెప్పండి. వీడు ఆ డ్రైవర్ కొడుకేనా? కాదంటే వదిలేస్తాం.”

కవి వంగి ఆ నెత్తుటి మొహాన్ని చూశాడు. తర్వాత బల్ల మీది అవార్డు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“వాడే,” అన్నాడు. “అచ్చం తండ్రి పోలికే.”

జనం మళ్లీ విరుచుకుపడ్డారు.

దెబ్బల మధ్యలోంచే పాక్కుంటూ వచ్చి, కవి పాదం రెండు చేతులా పట్టుకుని, “కవితలో ఒకసారి చంపావు, చాలదా నాన్నా?” అన్నాడు వాడు.